రాయల్ పామ్ మట్టలు పసుపెక్కుతుంటే మందు కంటే ముందు చూడాల్సినవి

మీ ప్రశ్న ఇదీ: హైదరాబాద్ శివారులో గేటెడ్ కమ్యూనిటీ. లోపలి రోడ్డుకు రెండు పక్కలా రాయల్ పామ్‌లు, క్లబ్‌హౌస్ చుట్టూ ఫాక్స్‌టైల్, ఆరెకా పామ్‌లు. నాటి ఆరేళ్లు దాటింది. రెండేళ్లుగా కింది మట్టలు కొసల నుంచి ఎండుతున్నాయి. చూడ్డానికి బాగుండదని మాలి నెలనెలా కోసేస్తున్నాడు, ఇప్పుడు ఒక్కో చెట్టుకు ఆరేడు మట్టలే మిగిలాయి. డీఏపీ వేశారు, వర్మీ కంపోస్టు వేశారు, నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19-19-19 ఎరువు స్ప్రే చేయించారు. నీళ్లు మురుగుశుద్ధి ప్లాంటు (ఎస్‌టీపీ) నుంచి పెడుతున్నారు. ప్రహరీ గోడ పక్కనున్న మూడు చెట్లకు మాత్రం కొత్తగా వచ్చే మట్టలు పొట్టిగా, ముడుచుకుపోయి, కాలినట్టు వస్తున్నాయి. నర్సరీ ఆయన ఐరన్ టానిక్ కొట్టమంటున్నాడు, కాంట్రాక్టర్ చెట్లు మార్చాలంటున్నాడు. చెట్ల ఫొటోలూ పంపారు. ఏం చేయాలి?

ముందు జవాబు చెప్పి, తర్వాత కారణాలు చెబుతాను. రోడ్డు పక్క చెట్లది పొటాష్ లోపం. గోడ పక్క మూడింటిది మాంగనీస్ లోపం. రెండూ వేర్వేరు జబ్బులు, ఒకే మందుతో పోవు. రోడ్డు పక్క చెట్లు మార్చాల్సిన అవసరం లేదు. ఐరన్ టానిక్ వీటిలో దేనికీ పనికిరాదు. ఎరువు తెచ్చేలోపు చేయాల్సిన పని ఒకటుంది: మాలి చేత మట్టలు కోయించడం ఆపించండి.

పామ్ చెట్టును మామిడినో వేపనో చూసినట్టు చూడకూడదు. కొమ్మలుండవు, పక్క నుంచి చిగుర్లు రావు. కాండం మీద ఒకే ఒక మొవ్వు, అందులోంచి ఒకదాని తర్వాత ఒకటిగా మట్టలు. అంటే పైనున్నది కొత్తది, కిందున్నది పాతది, వయసు వరుసలో పేర్చి ఉంటాయి. ఏ పోషకం తక్కువైందో ఈ వరుసే చెబుతుంది. నత్రజని, పొటాష్, మెగ్నీషియం చెట్టులో కదిలే పోషకాలు. అవి చాలకపోతే చెట్టు పాత మట్టల్లోంచి లాగి కొత్త మట్టలకు పంపుతుంది, కాబట్టి లక్షణాలు కింద మొదలవుతాయి. మాంగనీస్, ఇనుము, బోరాన్ ఒకసారి ఆకులోకి చేరాక అక్కడే ఉండిపోతాయి. అవి చాలకపోతే దెబ్బ మొవ్వుకు, కొత్త మట్టకు తగులుతుంది. కాబట్టి ఫొటో తీసేటప్పుడు ఎండిన ఆకును దగ్గరగా తీసి పంపితే చాలదు. చెట్టు మొత్తం కనపడేలా ఒకటి, మొవ్వు ఒకటి, అన్నిటికంటే కింది మట్ట ఒకటి తీయాలి. మీరు అలాగే తీశారు కాబట్టి ఇంత ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

పొటాష్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, మన ఊళ్ల ల్యాండ్‌స్కేప్ పామ్‌ల కష్టాల్లో పెద్ద భాగం దీనిదే. ఆరెకా పామ్‌లో దీన్ని పట్టుకోవడం తేలిక. కింది మట్టలోంచి ఒక ఆకు తుంచి ఎండకు అడ్డంగా పట్టుకుని చూడండి. పసుపు, నారింజ రంగు చుక్కలుండి, వాటిలోంచి వెలుతురు పారినట్టు కనిపిస్తే అది పొటాష్ లోపమే. రాయల్ పామ్, కొబ్బరి మాత్రం మోసం చేస్తాయి. వాటిలో చుక్కలు సరిగా కనపడవు, ఒక్కోసారి అసలు ఉండవు. నేరుగా ఆకుల కొసలు, అంచులు గోధుమ రంగుకు మారి ఎండిపోతాయి, మట్ట కొస వైపు ఆకులు ముడతలు పడతాయి. చుక్కలు లేవు కదా, నీళ్లు చాలక ఎండుతోందేమో అనుకుని చాలామంది నీళ్లు పెంచుతారు. నీళ్లు పెరిగితే మిగిలిన పొటాష్ కూడా కిందికి దిగిపోతుంది. విసనకర్రలాంటి ఆకులుండే ఫ్యాన్ పామ్‌లు, బిస్మార్కియాల్లో ఎండటం ఆకు చీలికల కొసల దగ్గర కనిపిస్తుంది. చిన్న ఖర్జూరం జాతిలో, అంటే మనవాళ్లు మినియేచర్ డేట్ పామ్ అని కుండీల్లో పెంచేదానిలో, ఆకు కొసలే ఎండుతాయి. ఒకే లోపం జాతిని బట్టి వేషం మారుస్తుంది, కానీ పాత మట్ట నుంచి పైకి, కొస నుంచి మొదలుకు అన్న క్రమం మాత్రం మారదు.

ఇది ఎందుకొస్తుందంటే, హైదరాబాద్ చుట్టుపక్కల చల్కా నేలలు రాళ్లు అరిగి ఏర్పడిన ఎర్ర ఇసుక నేలలు. పోషకాలను పట్టి ఉంచే బంకమన్ను వాటిలో తక్కువ. దానికి తోడు ల్యాండ్‌స్కేప్ చేసినప్పుడు అసలు పైమట్టి లేచిపోయి, మొరం, బిల్డింగ్ వ్యర్థాలు కలిసిన మట్టి మిగులుతుంది. పైనుంచి లాన్. లాన్ పచ్చగా ఉండాలని నెలకోసారి యూరియా చల్లుతారు. ఆ యూరియా గడ్డితో పాటు పామ్ వేర్లకూ అందుతుంది. నత్రజని అందగానే చెట్టు జోరుగా కొత్త ఆకులు వేస్తుంది, వాటికి పొటాష్ కావాలి, నేలలో లేదు, పాత మట్టల్లోంచి లాగుతుంది. అంటే లాన్‌కు వేసే యూరియానే మీ పామ్‌లను పొటాష్ కరువులోకి తోసింది. అమెరికాలోని ఫ్లోరిడా ఇసుక నేలల్లోనూ ఇదే కథ. అక్కడి ల్యాండ్‌స్కేప్ పామ్‌లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది పొటాష్ లోపమే. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఫోర్ట్ లాడర్‌డేల్ కేంద్రంలో దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. పామ్‌ల దగ్గర్లో, సుమారు ముప్పై అడుగుల లోపు, లాన్ ఎరువు వాడొద్దని, ఆ మేర గడ్డికి కూడా పామ్ ఎరువే వేయాలని వాళ్ల సలహా.

మీకు ఇంకా దగ్గరి సాక్ష్యం కావాలంటే కోనసీమ కొబ్బరి రైతును అడగండి. కేరళ కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ, కాపు కాసే కొబ్బరి చెట్టుకు ఏడాదికి 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1200 గ్రాముల పొటాష్ ఇవ్వమంటుంది. అంటే నత్రజని కంటే రెట్టింపుకు పైగా పొటాష్. కాయలు కాయని రాయల్ పామ్‌కు అంత అక్కర్లేదు గానీ, ఈ కుటుంబం ఆకలి ఎటువైపుందో అర్థమవుతుంది కదా. ఇప్పుడు మీరు వేసినవి చూడండి. డీఏపీలో 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం ఉన్నాయి, పొటాష్ సున్నా. ల్యాండ్‌స్కేప్ పామ్‌లకు భాస్వరం కొరత రావడం చాలా అరుదు. పైగా అది ఎక్కువైతే ఇనుము వంటి సూక్ష్మధాతువులు అందకుండా అడ్డుపడుతుంది. 19-19-19ను లీటరుకు ఐదు గ్రాముల చొప్పున చెట్టుకు పది లీటర్లు కొట్టారనుకుందాం, అది 50 గ్రాముల మందు. ఒక్క చుక్క కారకుండా అంతా ఆకులోకి పోయినా చెట్టుకు చేరే పొటాష్ పది గ్రాములు కూడా ఉండదు. పొటాష్, మెగ్నీషియం లోపాలను స్ప్రేతో తీర్చలేం, కావలసిన పరిమాణం అలాంటిది. వర్మీ కంపోస్టు నేలకు మంచిదే, దాంట్లో పొటాష్ మాత్రం కొద్దిగానే ఉంటుంది.

ఇక మట్టలు కోయడం. కమిటీ మీటింగుల్లో గొడవ వచ్చేది ఇక్కడే అని నాకు తెలుసు. ఎండు మట్ట ఒకటి వేలాడితే చాలు, వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి మెయింటెనెన్స్ డబ్బులు ఏమవుతున్నాయని అడిగేవాళ్లు ప్రతి కమ్యూనిటీలోనూ ఉంటారు. వాళ్లకు ఇలా చెప్పండి: పొటాష్ కరువులో ఉన్న పామ్‌కు సగం పసుపెక్కిన పాత మట్టలే గాదె. నేలలో దొరకనిది చెట్టు అక్కడి నుంచే తోడుకుంటుంది. ఆ మట్టలు కోస్తే చెట్టు ఇంకా పచ్చగా ఉన్న పై వరుసలోంచి తోడుకోవడం మొదలుపెడుతుంది, వచ్చే నెలకు ఆ వరుస పసుపెక్కుతుంది. దాన్నీ కోస్తారు. ఇలా పదిహేను మట్టలుండాల్సిన చెట్టు ఆరుకు దిగుతుంది. ఆ తర్వాత కాండం పైభాగం పెన్సిల్ చెక్కినట్టు సన్నబడుతుంది, కొత్త మట్టలు చిన్నవిగా వస్తాయి, చివరికి మొవ్వు ఆగిపోతుంది. మీ చెట్లలో కొన్ని ఆ సన్నబడే దశకు వచ్చాయి, ఫొటోల్లో కనిపిస్తోంది. ఒకసారి సన్నబడ్డ కాండం భాగం మళ్లీ లావెక్కదు. పామ్ కాండం మామూలు చెట్టు మానులా ఏటేటా ఊరదు. ఇకపై వచ్చే భాగాన్ని కాపాడుకోవడమే మన చేతిలో ఉంది.

పచ్చి మట్ట కోసిన గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది, కొబ్బరి రైతులకు ఇది బాగా తెలుసు. ఆ ఒక్క కారణం చాలు కత్తి దింపడానికి. నియమం ఏంటంటే పూర్తిగా గోధుమ రంగుకు మారిన మట్టనే తీయాలి. సగం పసుపు, సగం పచ్చ ఉంటే ముట్టుకోకూడదు. రాయల్ పామ్, ఫాక్స్‌టైల్ అయితే మట్ట ఆయుష్షు తీరాక తనంతట తనే ఊడి పడుతుంది, అసలు కోయాల్సిన పనే లేదు. రాయల్ పామ్ మట్ట బరువు ఎక్కువ కాబట్టి, రోడ్డు మీద కార్ల మీద పడుతుందని భయముంటే, పట్టు వదిలి ఊగుతున్న ఎండు మట్టను మాత్రం దించేయండి.

మెగ్నీషియం లోపం కూడా పాత మట్టల్లోనే కనిపిస్తుంది, తేడా గుర్తుపట్టడం సులువు. మట్ట మధ్య భాగం ముదురు పచ్చగా ఉండి, అంచుల వెంట నిమ్మపండు రంగులో వెడల్పాటి పట్టీ ఉంటుంది. పచ్చకూ పసుపుకూ మధ్య గీత గీసినట్టు స్పష్టంగా ఉంటుంది. ఖర్జూర జాతి పామ్‌లలో ఎక్కువ. దీనివల్ల చెట్టు చావదు, అందం పోతుందంతే. కానీ పొటాష్ ఒక్కటే గుప్పించి వేస్తే మెగ్నీషియం లోపాన్ని మనమే తెచ్చిపెట్టినట్టవుతుంది, రెండూ ఒకదానికొకటి పోటీ. అందుకే పొటాష్ వేసిన ప్రతిసారీ మెగ్నీషియం కూడా వేయాలి. మీ ఫాక్స్‌టైల్ చెట్ల ఫొటోల్లో ఒకదానిలో అన్నిటికంటే కింది మట్ట పొటాష్ లక్షణంతో, దాని పైది మెగ్నీషియం పట్టీతో ఉంది. రెండూ ఒకే చెట్టు మీద ఉండటం మామూలే.

ఇప్పుడు గోడ పక్కనున్న మూడు చెట్లు. ముందు వీటితోనే మొదలుపెట్టండి, ఎందుకంటే మాంగనీస్ లోపం చెట్టును చంపుతుంది. కొత్త మట్ట లేత పసుపుగా, నిలువు చారలతో, ముడుచుకుని, నిప్పు తగిలినట్టు వస్తుంది. తర్వాత వచ్చేది ఇంకా పొట్టి. చివరికి ఈనెలు తప్ప ఆకు లేని మోడులు వస్తాయి. పొటాష్ లోపం బాగా ముదిరినప్పుడు కూడా మొవ్వు దాకా పాకి ఇలాగే కనిపించవచ్చు. తేడా తెలియాలంటే ఒక్క మట్టనే తీసుకుని చూడండి: పొటాష్ అయితే మట్ట కొస వైపు ఎక్కువ పాడవుతుంది, మాంగనీస్ అయితే కాండం వైపున్న మొదలు ఆకులు ఎక్కువ పాడవుతాయి. మీ ఫొటోలో మొదలే పోయింది, కొసలు కాస్త నయంగా ఉన్నాయి.

ఆ మూడింటికే ఎందుకొచ్చిందంటే గోడ వల్ల. ప్రహరీ కట్టినప్పుడు మిగిలిన సిమెంటు, కాంక్రీటు ముక్కలు, ప్లాస్టరింగ్ రాలిందంతా అక్కడే పూడ్చి ఉంటారు. సిమెంటులోని సున్నం నేల పీహెచ్‌ను, అంటే క్షార గుణాన్ని చెప్పే అంకెను, పెంచేస్తుంది. పీహెచ్ ఎక్కువైన నేలలో మాంగనీస్ ఉన్నా వేరుకు అందదు. బోరు నీళ్లు పెట్టే చోటా ఇదే ముప్పు. మన బోరు నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ, ఏళ్ల తరబడి పారితే నేల క్షార స్వభావానికి వెళుతుంది. సున్నపు గులకలున్న నల్లరేగడిలోనూ ఇదే బాధ. పశువుల పెంట, మురుగుశుద్ధి ప్లాంటు బురదతో చేసిన కంపోస్టు విపరీతంగా వేసిన చోట్ల కూడా మాంగనీస్ ముడిపడిపోయి ఈ లోపం వస్తుంది. కమ్యూనిటీలో ఎస్‌టీపీ ఉందంటే ఆ బురద ఎరువును పామ్ పాదుల్లోకి తోలే ఆలోచన ఎవరికో ఒకరికి వస్తుంది, వద్దనండి. చలికాలంలో నేల చల్లబడ్డప్పుడు కూడా వేర్లు మాంగనీస్‌ను సరిగా తీసుకోలేవు. డిసెంబర్, జనవరిలో వచ్చిన మట్ట ఒక్కటే కొంచెం చిన్నగా ఉండి, తర్వాతవి బాగుంటే గాభరా పడక్కర్లేదు.

చికిత్స మాంగనీస్ సల్ఫేట్. ఎరువుల కొట్లో ఫర్టిలైజర్ గ్రేడులో 30.5 శాతం మాంగనీస్ ఉన్నది దొరుకుతుంది. అడిగేటప్పుడు జాగ్రత్త, మాంగనీస్ సల్ఫేట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్ చేతిలో పెట్టడం తరచూ జరుగుతుంది. సంచి మీద పేరు చదివి తీసుకోండి. చిన్న చెట్టుకు పావు కిలో, మీ చెట్ల సైజుకు అర కిలో నుంచి కిలో వరకు మట్టల నీడ పడే మేర నేల మీద చల్లి నీళ్లు పెట్టండి. రెండు మూడు నెలలకోసారి, కొత్త మట్ట బాగా వచ్చేదాకా. దీనికి మాత్రం స్ప్రే కూడా పనికొస్తుంది, కావలసింది తక్కువ కాబట్టి. లీటరుకు మూడు గ్రాములు కలిపి, ఉదయం పూట, మొవ్వు మీద, కొత్త మట్టల మీద తడిసేలా కొట్టండి. స్ప్రే తాత్కాలికం, వేరు దగ్గర సరిచేయడమే అసలు పని. వీలైతే ఆ చెట్ల పాదుల్లోంచి సిమెంటు ముక్కలు ఏరించి, పొడి గంధకం కొద్దికొద్దిగా కలపండి. గంధకం పీహెచ్‌ను నెమ్మదిగా దించుతుంది, నెలలు పడుతుంది. మూడింటిలో ఒకదాని మొవ్వు అప్పటికే ఎండి ఉంటే, లాగితే ఊడి వస్తుంటే, దాని మీద డబ్బు పెట్టకండి.

నర్సరీ ఆయన చెప్పిన ఇనుము గురించి. ఇనుము లోపం కూడా కొత్త మట్టలోనే వస్తుంది, కానీ ఆకు ముడతలు పడదు, పసుపెక్కుతుంది, ఈనెల మధ్య తెల్లబడుతుంది. పామ్‌లలో దీనికి అసలు కారణం చాలాసార్లు నేలలో ఇనుము లేకపోవడం కాదు, వేర్లకు గాలి ఆడకపోవడం. కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చే పెద్ద పామ్‌లను చూశారుగా, గోదావరి ఒండ్రుమట్టి ముద్దతో వస్తాయి. వరుసలో అన్నీ ఒకే ఎత్తులో కనపడాలని పొడుగ్గా ఉన్నవాటిని అడుగు, అడుగున్నర లోతుకు దించేస్తారు. ఊగకుండా నిలబడతాయి కూడా. కానీ కాండం మొదట్లో వేర్లు పుట్టే భాగం మట్టిలో కూరుకుపోయి, ఊపిరాడక, ఏడాది రెండేళ్లకు పసుపెక్కుతాయి. అలాంటి చెట్టుకు ఎంత టానిక్ పోసినా ఉపయోగం ఉండదు. పైమట్టి తీయించి, వేర్లు మొదలయ్యే భాగం నేల మట్టానికి వచ్చేలా చేయాలి, నీళ్లు నిలవకుండా చూడాలి. నిజంగానే క్షార నేల వల్ల వచ్చిన ఇనుము లోపమైతే చీలేట్, అంటే ఇనుము నేలలో బిగుసుకుపోకుండా పట్టి ఉంచే రకం మందు, వాడాలి; అందులో ఈడీటీఏ చీలేట్ కంటే ఈడీడీహెచ్ఏ చీలేట్ కొనండి. ఖరీదు ఎక్కువే, కానీ ఎక్కువ పీహెచ్‌లో నిలబడేది అదే.

బోరాన్ లోపం మీ దగ్గర లేదు. అయినా పేరు చెప్పి ఉంచుతాను, ఎందుకంటే వానలు దంచి కొట్టాక గానీ, బాగా ఎండగాసి నేల ఆరిపోయాక గానీ హఠాత్తుగా కనపడి కంగారు పెడుతుంది. ఆకు కొస కొక్కెంలా వంగడం, మట్ట విచ్చుకోకుండా ముడతలు ముడతలుగా ఉండిపోవడం, మట్ట కొస కత్తిరించినట్టు మొండిగా రావడం దాని గుర్తులు. పెద్ద చెట్టుకు 50 గ్రాముల బోరాక్స్ ఇరవై లీటర్ల నీళ్లలో కరిగించి పాదులో పోయాలి, చిన్నదానికి సగం. మళ్లీ ఐదు నెలల దాకా దాని జోలికి వెళ్లకూడదు. బోరాన్ విషయంలో లోపానికీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. నత్రజని లోపం నేలలో పెరిగే పామ్‌లకు అంతగా రాదు, కుండీల్లో ఉన్న ఆరెకాలకు వస్తుంది. చెట్టంతా ఒకే రకంగా లేత ఆకుపచ్చగా మారడం దాని గుర్తు.

లోపం అని తేల్చుకునే ముందు తెగుళ్లు, పురుగులు కూడా చూసుకోవాలి. కాండం మీద రంధ్రాలు, గోధుమ రంగు జిగురు, నమిలి ఉమ్మేసినట్టు పీచు కనిపిస్తే ఎర్రముక్కు పురుగు. విచ్చుకున్న మట్టలో ఆకులు కత్తెరతో త్రిభుజాలుగా కత్తిరించినట్టుంటే కొమ్ము పురుగు. మొవ్వు లాగితే దుర్వాసనతో ఊడి వస్తే మొవ్వు కుళ్లు. కాండం మొదట్లో గట్టి పుట్టగొడుగు అట్ట పుడితే గానోడెర్మా అనే శిలీంధ్రపు తెగులు, దానికి మందు లేదు. ఆకు అడుగున తెల్లటి మైనపు సుడులు, పైన నల్ల మసి ఉంటే సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో 2016లో మొదట కనపడి, కొబ్బరి తోటలతో పాటు అలంకరణ పామ్‌లకూ పాకింది. ఇంకొకటి, మీ క్లబ్‌హౌస్ వెనక ఫొటోలో ఫిష్‌టైల్ పామ్ ఉంది, మన్యంలో జీలుగు అని కల్లు తీసేది ఆ జాతే. అది పైనుంచి కిందికి గెలలు వేస్తూ వచ్చిందంటే ఆయుష్షు అయిపోతోందని అర్థం, దానికి ఎరువు దండగ. గేటు దగ్గరున్న సాగో పామ్ నిజానికి పామ్ కాదు, సైకస్. కానీ దాని కొత్త ఆకులు ముడుచుకుని పసుపెక్కితే అది కూడా చాలావరకు మాంగనీస్ బాధే.

ఇప్పుడు రోడ్డు పక్క చెట్లకు ఏం వేయాలో చెబుతాను. ఫ్లోరిడాలో పామ్‌ల కోసం నెమ్మదిగా కరిగే ఎరువు ప్రత్యేకంగా దొరుకుతుంది. నత్రజని 8, పొటాష్ 12, మెగ్నీషియం 4 శాతం నిష్పత్తిలో ఉంటుంది, ఏడాదికి నాలుగుసార్లు వేస్తారు. మన కొట్లలో అలాంటిది అడిగితే వింతగా చూస్తారు. దొరికేవన్నీ వెంటనే కరిగిపోయేవే, కాబట్టి అదే మోతాదును ఇంకా చిన్న ముక్కలు చేసి ఏడాదికి ఆరుసార్లు వేయడం మనకు దారి. మట్టల నీడ పడే ప్రతి 100 చదరపు అడుగులకు, రెండు నెలలకోసారి, పొటాషియం సల్ఫేట్ 120 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 200 గ్రాములు, యూరియా 75 గ్రాములు. నీడ పన్నెండు అడుగుల వ్యాసం ఉంటే సుమారు 110 చదరపు అడుగులు అవుతుంది, ఆ చెట్టుకు దాదాపు ఇదే లెక్క. మీ చెట్ల మట్టలు కోసేశారు కాబట్టి ఇప్పుడున్న నీడను కాకుండా, మట్టలన్నీ ఉంటే ఎంత నీడ పడుతుందో అంత లెక్కేయండి. మీ చెట్లు ఇప్పుడున్న స్థితిలో మొదటి ఏడాది యూరియా అసలు వేయొద్దు. లాన్ నుంచి అందుతున్నదే ఎక్కువ.

ఎర్ర పొటాష్, అంటే మ్యూరేట్, చవక. నీరు బాగా ఇంకే నేల, మంచి నీళ్లు ఉంటే సగం వరకు అది వాడుకోవచ్చు, అందులో పొటాష్ 60 శాతం కాబట్టి కొంచెం తగ్గించి వేయాలి. కానీ మీరు ఎస్‌టీపీ నీళ్లు పెడుతున్నామని రాశారు. అందులో ఉప్పు ముందే ఉంటుంది, దాని మీద మ్యూరేట్ క్లోరైడు తోడవడం మంచిది కాదు, సల్ఫేటే కొనండి. పొటాషియం షోనైట్ దొరికితే ఇంకా సుఖం, పొటాష్, మెగ్నీషియం రెండూ అందులోనే ఉంటాయి.

ఎరువు కాండం మొదట్లో కుప్పగా పోయొద్దు. కొత్త వేర్లు పుట్టేది అక్కడే, అవి కాలిపోతాయి. కాండానికి అడుగు దూరం వదిలి, నీడ పడే మేరంతా సమానంగా చల్లి, వెంటనే నీళ్లు పెట్టండి. గుంతలు తీసి పెట్టాల్సిన పని లేదు, తినే వేర్లు పైపైనే ఉంటాయి. పెద్ద వాన ముంచుకొస్తోందంటే ఆగండి, లేకపోతే ఎరువంతా డ్రైనేజీలోకి పోతుంది. వీలైతే ఒక్కో చెట్టు చుట్టూ నాలుగైదు అడుగుల మేర గడ్డి తీయించి, ఎండుటాకులు, చెక్కపొట్టు పరిపించండి. నేల చల్లగా ఉంటుంది, గడ్డి కోసే మెషీన్ కాండాన్ని గీరడం కూడా తప్పుతుంది. లాన్‌కు ఎరువు వేసే మనిషి వేరే, పామ్‌లు చూసే మనిషి వేరే అయితే ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడండి. ఈ ఒక్క మాటతో సగం సమస్య తీరిన తోటలు చూశాను.

మట్టి పరీక్ష చేయించండి, అయితే పీహెచ్, ఉప్పు శాతం తెలుసుకోవడానికి. నేలలో పొటాష్ 'మధ్యస్థం' అని రిపోర్టు వచ్చినంత మాత్రాన పామ్‌కు చాలుతోందని అర్థం కాదు. కింది మట్ట చెప్పేదే ఎక్కువ నమ్మదగింది. గోడ పక్క మట్టిని, రోడ్డు పక్క మట్టిని వేర్వేరు సంచుల్లో ఇవ్వండి. కలిపి ఇస్తే రెండింటికీ చెందని అంకె ఒకటి వస్తుంది.

ఎన్నాళ్లకు బాగవుతుందని మీ కమిటీ తప్పకుండా అడుగుతుంది. ఎండిన ఆకు మళ్లీ పచ్చబడదు. ఎంత ఎరువు వేసినా ఆ మట్ట అలాగే ఉండి, వయసు తీరి పోవాల్సిందే. రాయల్ పామ్ నెలకు ఇంచుమించు ఒక మట్ట వేస్తుంది. ఆరు మట్టల నుంచి పదిహేనుకు చేరడానికే ఏడాది దగ్గర పడుతుంది, కిందిదాకా అన్నీ శుభ్రంగా కనపడటానికి రెండేళ్లు, బాగా దెబ్బతిన్నవాటికి మూడేళ్లు. మొదటి ఆరు నెలల్లో చూడాల్సింది పసుపు తగ్గిందా అని కాదు. చెట్టు మీద మట్టల సంఖ్య పెరుగుతోందా, కొత్తగా విచ్చుకున్న మట్ట దాని ముందుదాని కంటే పొడుగ్గా ఉందా అని చూడండి. ఒకే చోట నిలబడి, ప్రతి మూడు నెలలకు అవే నాలుగైదు చెట్ల ఫొటోలు తీసి పెట్టుకోండి. మాంగనీస్ వేసిన చెట్లు ఇంతకంటే త్వరగా మాట్లాడతాయి, మొవ్వు బతికుంటే కొన్ని నెలల్లోనే మంచి మట్ట కనపడాలి.

చచ్చినచోట కొత్తది నాటాల్సి వస్తే గుంతలోని సిమెంటు మట్టి అంతా తీసి పారేసి, వేరేచోటి ఎర్రమట్టితో నింపండి. మట్టి ముద్ద మీది ప్లాస్టిక్ కవరు, తాడు పూర్తిగా తీయించండి. నర్సరీలో ఎంత లోతున ఉందో అంతే లోతున పెట్టండి, ఊగుతుంటే కర్రలు కట్టండి. కొత్త మట్ట విచ్చుకునేదాకా ఎరువు వద్దు. గోడ పక్కన మళ్లీ రాయల్ పామే కావాలని పట్టుబట్టకండి, క్షార నేలల్లో మాంగనీస్ లోపం త్వరగా వచ్చే జాతుల్లో అది ఒకటి. అక్కడ మన ఈత చెట్టో తాటి చెట్టో హాయిగా బతుకుతుంది, లుక్ రాదని ఎవరైనా అంటే ఆ గోడ వెంట బోగన్‌విలియా పెట్టేయండి.